బంతి చుట్టూ ఆరు తీగలు

మిల్లుకి తాళం పడిన నలభయ్యో రోజు
నెల్లిమర్లలో మా వరండా మీద
తలుపు ఊడిన చెక్కబీరువా ఒకటి వెల్లకిలా పడుకుంది.
దాని రొమ్ములో పాత టీవీ కూర్చోబెట్టాను.
నడుం దగ్గర ఏటవాలుగా ప్లైవుడ్ పలక,
పలకకి ఆరు బొత్తాలు, ఒక జాయ్‌స్టిక్,
నట్టనడుమ రెండంగుళాల గుండ్రటి ఖాళీ.

విజయనగరం గంటస్తంభం సందులో
వీడియో గేముల కొట్టొకటి ఉండేది నా చిన్నప్పుడు.
రూపాయికి మూడు ప్రాణాలు.
మూడూ పోయాక కూడా, కొట్టువాడు మెడ పట్టి గెంటేదాకా
నల్లటి బంతి మీద అరచెయ్యి అలాగే ఉంచేవాణ్ణి.
ఆ చల్లదనం కోసమే ఇదంతా.
జోషిత అడిగిందని పైకి చెబుతాను గానీ.

బంతి అసిర్నాయుడి తుక్కుకొట్లో దొరికింది, గూడుతో సహా.
ఆస్పత్రివాళ్లు కిలోల్లెక్కన అమ్మేసిన స్కానింగ్ మిషన్‌ది.
"మిగతాదంతా లారీ ఎక్కీసి ఎల్లిపోనాది బావా,
ఇదొక్కటే బల్లకిందకి దొర్లీసి ఉండిపోనాది."
నూట ఇరవై అన్నాడు.
ఎనభై రూపాయలకీ,
వాళ్లింటి టేబుల్‌ఫ్యాను బాగుచేసి పెట్టడానికీ కుదిరింది.

విప్పితే లోపల రెండు సన్నటి రోలర్లు,
ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి.
వాటికి మైనంలా అంటుకుని
ఏనాటిదో స్కానింగ్ జెల్లు, దుమ్ముతో కలిసి ఎండిపోయి.
పిన్నీసుతో గీకాను. స్పిరిట్ దూదితో తుడిచాను.
పదహారేళ్లు మిల్లు మోటార్ల సందుల్లోంచి
జనుప పీచు పీకిన గోళ్లివి,
ఈ పని వాటికి చెప్పక్కర్లేదు.

తీగలు ఆరు.
ఎరుపుకి ఫోను ఛార్జరు నుంచి ఐదు వోల్టులు, నలుపు ఎర్త్.
మిగిలిన నాలుగింటికీ రంగులున్నాయి, పేర్లు లేవు.
మీటరు మొన ఒక్కోదానికీ ఆనించి
బంతిని చిటికెనవేలితో ఇసుమంత కదిపాను.
సున్నా. ఐదు. సున్నా. ఐదు.
ఊపిరి బిగబట్టి మళ్లీ కదిపాను.
సున్నా. ఐదు.

సోల్డరింగు మధ్యలో కరెంటు పోయింది.
ఐరన్ చల్లారేలోగా ఆఖరి తీగ అతకాలి,
ఫోను లైటు పట్టుకోమని దమయంతిని పిలిచాను.
వచ్చింది. పట్టుకుంది.
లైటు నా చేతుల మీంచి జారి
బంతి మీదే నిలబడిపోయింది.

"నాకు టీవీ కనిపించనేదు ఆ రోజు.
డాక్టరమ్మ అటు తిప్పీసింది.
ఆవిడ కుడిసెయ్యొకటే కనిపించింది,
ఇలాటి బంతి మీద.
తిప్పింది, తిప్పింది, తిప్పింది.
ఆపీసింది."

జోషితప్పుడు కాదు. దాని ముందుది.

"ఈ మిషనేనని ఏటి నమ్మకం?" అన్నాను.
"ఏటీ నేదు" అంది.
"నువ్వు అతుకు, వేడి తగ్గిపోతంది."

కరెంటొచ్చాక ముగ్గురం కలిసి బీరువాని లేపి నిలబెట్టాం.
జోషిత బంతిని కుడికి తోసింది,
తెర మీద పడవ ఎడమకి పోయింది.
"నానా, ఇది ఎదురు మాటాడతంది!" అని ఒకటే నవ్వు.
ఆకుపచ్చనీ పసుపునీ ఒకదాని చోట ఒకటి మార్చాను.
ఇప్పుడు కుడంటే కుడి.
రెండు తీగలు తారుమారు చేస్తే ప్రపంచం తిన్నగా అయ్యేది
ఈ పలక మీద మాత్రమే.

రాత్రి పదకొండుకి లేచి చూస్తే వరండాలో నీలం వెలుగు.
దమయంతి నిలబడి ఉంది.
ఆట మొదలుపెట్టలేదు. బొత్తాం ఏదీ నొక్కలేదు.
అరచెయ్యి బంతి మీద.
తెర మీద చిన్న ప్లస్ గుర్తు
మూలలు, అంచులు, మధ్య, మళ్లీ మూలలు
తొందర లేకుండా తిరుగుతోంది.
నేను లోపలికి వచ్చేశాను.

పొద్దున్న సైరన్ లేదు, నలభై ఒకటో రోజు.
వరండా మెట్ల మీద పిల్లలు తొమ్మిదిమంది.
అసిర్నాయుడి ఫ్యాను ఇంకా విప్పనేలేదు.